బండకు అటువైపు బాణం

బావా,

నీ కొండ పందెం దారంతా ఒక్కదాన్నే పరుగెత్తి చూసొచ్చాను. ఒళ్లు హూనమైపోయింది. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను. కోడి కెలికినట్టుందని నవ్వకు, ఇది ఎడమచేతి రాత.

కొండ కొస దాకా బాగానే ఉంది. అక్కణ్ణించి దిగుతుంటే నువ్వు గీశానన్న ఎర్ర బాణాలు ఒక్కటీ కనిపించలేదు. వాలు మీద గులకరాళ్లతో పాటు నేనూ జారాను. కిందపడి వెనక్కి చూస్తే ప్రతి బండ మీదా బాణం ఉంది! నువ్వు కిందినుంచి ఎక్కుతూ నీకు ఎదురైన వైపే గీసుకుంటూ పోయావు. పందెంవాళ్లు పైనుంచి దిగుతారు కదయ్యా.

పందెం ఆదివారమేనని, అందరికీ చెప్పేశానని అంటావు. తెలుసు. అయినా ఆ వాలు వదిలేసి బండ్ల బాట మీదుగా తిప్పు. అక్కతో స్నానాలగదిలో జారానని చెప్పాను, నువ్వూ అదే చెప్పు.

"ఆ వాలులో పరుగెత్తొచ్చా లేదా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావుగా. పరుగెత్తొచ్చు బావా. ఆగడమే మన చేతుల్లో ఉండదు.

అలసిపోయిన
నీ మరదలు