నీలకంఠం గారి ట్యాలీ షీటు

పూర్ణా మార్కెట్టు వీధి,
విశాఖపట్నం, 12-6-1981.

డాక్టరు గంగాధరరావు గారికి సూర్యకాంతమ్మ నమస్కరించి రాయునది.

మంగళవారం మీకు చూపించిన నీలకంఠం గారి భార్యను. ఆయన ముప్పై ఏళ్లు పోర్టులో ట్యాలీ క్లర్కు, ఓడల్లోంచి దిగే గోధుమ బస్తాలు లెక్కపెట్టి రాసేవారు. రిటైరయ్యాక మాటలు మానేశారు. పోర్టు సైరన్ వినబడితే డ్యూటీకన్నట్టు చొక్కా తొడుక్కుంటారు, కాసేపటికి విప్పేస్తారు. చూడలేకపోతున్నాను. మీరేమో బిళ్లలివ్వకుండా, రోజూ చేసిన పనులు రాసి సంతోషానికి పదికి మార్కులు వేసుకోమన్నారు. ఇదేం వైద్యం బాబూ?

ఇట్లు,
సూర్యకాంతమ్మ

తా.క.: "సంతోసానికి మార్కులేటి, నానేటి బడి పంతుల్నా?" అన్నారు. నెల రోజుల్లో ఆయన పలికిన మొదటి మాట ఇదే.

18-6-1981

అమ్మా,

ఇది నా సొంత పైత్యం కాదు. వైద్య పత్రికలో చదివాను. ఇలా రాసుకున్నవాళ్లలో చాలామంది తేరుకున్నారు. వాళ్లెవరూ మన పోర్టులో పనిచేయలేదు, నిజమే. అందుకే మూడు వారాలు చూద్దాం. గుణం లేకపోతే బిళ్లలిస్తాను.

మీ
గంగాధరరావు

తా.క.: మొహమాటం లేకుండా మార్కులు వేయమనండి.

10-7-1981

డాక్టరు గారికి నమస్కారాలు.

ఆయన మార్కులు వేసిన షీటు పంపుతున్నాను. తిట్టకండి. తన గురించి ఒక్క ముక్క రాయలేదు. "ట్యాలీ క్లర్కు సొంత బస్తాలు లెక్కెట్టడు" అని వీధిలో అందరికీ మార్కులు వేశారు. చేపల పోతమ్మకు పొద్దున్న ఎనిమిది, సాయంత్రం మూడు. నాకు రెండు. అదేమని అడిగాను. "పెళ్లయిన కొత్తలో ఓడ సూపిత్తానని తీసుకెల్లినప్పుడు తొమ్మిదుండీది" అన్నారు. ఏడ్చేశాను. ఆ సాయంత్రమే ఇద్దరం బీచికెళ్లి, వచ్చిపోయే ఓడలు చూసి వచ్చాం. దారంతా పాత ఓడల పేర్లు చెబుతూనే ఉన్నారు. వైద్యం తప్పిందని ఆపేయరు కదా?

సూర్యకాంతమ్మ

తా.క.: పోతమ్మకు సాయంత్రం మూడెందుకో కనుక్కోవడానికి రోజూ వెళ్తున్నారు. ఊరికే రాలేక చేపలు కొంటున్నారు. తినలేక చస్తున్నాం.

16-7-1981

అమ్మా,

ఆపను. బిళ్లలూ అక్కర్లేదు. మనసుకు నచ్చే పని కల్పించమని పత్రిక చెప్పింది. ఆ పనేదో మనిషిని అడిగి తెలుసుకోవాల్సింది నేను, అడగలేదు. మీవారు తనే వెతుక్కున్నారు.

షీటు వెనకవైపు మీరు చూసినట్టు లేరు. "మంగళవారం. డాక్టరు గారు: ఒకటి. ఇంటికాడ ఈయన్ని పలకరించీవోలు లేరు" అని రాశారు. నా భార్య పోయి రెండేళ్లయింది. ఇన్నాళ్లకు ఒకరు గమనించారు. ఆదివారం బీచికి నేనూ వస్తాను.

గంగాధరరావు

తా.క.: భోజనానికి ఉండమంటారేమో, ఉంటాను. ఆ చేపలు నాకిష్టమే.