శాలువా కప్పవద్దని మనవి

బుకిట్ పంజాంగ్,
మంగళవారం.

సంఘం కార్యదర్శి జనార్దనరావు గారికి నమస్కారాలు.

వచ్చే ఆదివారం సభలో నాకు శాలువా కప్పుతున్నారని మా ఆవిడ సూర్యకుమారి చెప్పింది. దయచేసి ఆపించండి. క్రాంజీ ఫారాల మధ్య మన సంఘం జరిపిన హెరిటేజ్ వాక్‌కు నేను గైడును కాను. అందరిలాగే చూడటానికి వచ్చినవాణ్ణి.

ఆ రోజు గైడు రాలేదు. ఎండగా ఉందని గొడుగు తెరిచి, టాయిలెట్ ఎక్కడుందో వెతుక్కుంటూ ముందుకు నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే అందరూ నా వెంటే వస్తున్నారు. "అంకుల్‌ని ఫాలో అవ్వండి, గొడుగు చూసుకుంటూ రండి" అని మన సంఘం భువన అందరినీ తొందరపెడుతోంది. అంతమంది ముందు గొంతెత్తి కాదనడం నాకు చేతకాదు.

తుప్పు పట్టిన ఒక చేతిపంపు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగాను. అందరూ దాన్ని ఫోటోలు తీశారు.

"దీని హిస్టరీ ఏంటంకుల్?" అని చక్రధర్ అడిగాడు.

"పాతది," అన్నాను.

అతను ఫోన్‌లో రాసుకున్నాడు. "ఒక్క మాటలో ఎంత చెప్పారో చూడండి," అంది భువన.

చివరికి కప్పల ఫారం వెనక టాయిలెట్ దొరికింది. నేను బయటికి వచ్చేసరికి అందరూ ఎదురుగా నిలబడి, ఆ కట్టడం బ్రిటిష్ వాళ్లదా, జపాన్ వాళ్లదా అని వాదించుకుంటున్నారు.

నిన్న మళ్లీ వెళ్లి, పంపు ఉన్న ఫారం యజమానిని అడిగాను. ఆ పంపు పోయిన ఏడాది అలంకారానికి పెట్టించాడట. తుప్పు కూడా రంగేనట. అంటే నేను చెప్పిన ఒక్క మాట కూడా తప్పే.

ఇదంతా మీరే సభలో చెప్పండి. నేను చెబితే వినయం అనుకుని చప్పట్లు కొడతారు.

ఇట్లు,
ఆ రోజు గొడుగు పట్టుకున్న మనిషి.