మిక్సీ పెట్టె మీద చీటీ

2002 సెప్టెంబరు 9

పోస్టు వచ్చింది. మనకి కాదు.

మిక్సీ కొన్నది జూన్ మొదట్లో. "అరవై రోజుల్లో చెక్కు మీ ఇంటికే వచ్చేస్తాదండి" అన్నాడు కొత్తపేట షాపతను. తొంభై దాటాయి. ఆఫర్ కింద కంపెనీ వెనక్కి ఇస్తానన్న అయిదువందలు; బిల్లూ ఫారమూ అప్పుడే పంపేశాను. కంపెనీ వాళ్లకి అదో లెక్క కాదు. నాకు మాత్రం… చేతిలో ఉన్నదానికి సరిగ్గా ఆ అయిదువందలే తక్కువై, వీసా అప్పు వాయిదాలోంచి తీశాను. ఆయనకి ఉత్తరంలో వాయిదా మొత్తం కట్టేశానని రాశాను. అప్పు తీరేదాకా ఇంట్లోకి కొత్త వస్తువు రాకూడదని, అక్కడ తనూ ఏమీ కొననని, మస్కట్ వెళ్లే ముందు ఇద్దరం అనుకున్న మాట. చెక్కు రాగానే వాయిదా పూడ్చేసి అప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను.

అమ్మే పూతరేకులకి బియ్యం రుబ్బడం, పంచదార దంచడం చేత్తో ఎంతకాలమని… ఇదంతా నీకెందుకు సంజాయిషీ చెప్పుకుంటున్నాను, కాయితానికి?

సెప్టెంబరు 13

శుక్రవారం. పక్కింటి పిన్నిగారింట్లో ఫోన్. మస్కట్ వెళ్తున్న కాట్రేనికోన ఆయనతో పంపిన పూతరేకులు అందాయట.

"బాగున్నాయి. ఒక్కటీ విరగలేదు."

అత్తయ్యగారి గురించి అడిగారు. తర్వాత "ఇంట్లో ఏంటి సంగతులు?"

"ఏం లేవండీ."

"ఏం లేవా?"

"లేవండీ."

పెట్టేశారు. ఎప్పటికన్నా ముందే.

సెప్టెంబరు 17

కొత్తపేట వెళ్లాను. బస్సులో నిలబడే. షాపతను కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు, ఆ ఒక్కటీ తప్ప అన్నీ ఇచ్చాడు.

"కంపెనీ నుంచి రావాలండి. మా చేతుల్లో ఏముందండి?"

"మరి అమ్మింది మీరేగా?"

"ఆయ్, మేమేనండి."

హైదరాబాదు నంబరు ఇచ్చాడు. ఎస్టీడీ బూత్ నుంచి చేశాను. అక్కడ ఒకామె చెన్నై నంబరు చెప్పింది. చెన్నైలో ఎవరో ఇంగ్లీషులో గబగబా ఏదో అడిగాడు. నేను "మిక్సీ" అన్నాను. అతనూ "మిక్సీ" అన్నాడు. అక్కడితో ఇద్దరికీ మాటలు అయిపోయాయి. బూత్ అతనికి ముప్పై నాలుగు రూపాయలు.

సెప్టెంబరు 18

పోస్టు లేదు.

సెప్టెంబరు 30

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది! చెక్కు కాదు. ఇంగ్లీషు. పిన్నిగారమ్మాయి చదివి చెప్పింది. బిల్లు అందిందట, ఫారం అందిందట. పెట్టె మీద అతికించిన ఆఫర్ చీటీ అందలేదట. అసలు చీటీయే కావాలి, జిరాక్స్ పనికిరాదు. నవంబరు పదిహేనులోగా చేరాలి.

చీటీ పెట్టె మీదే ఉంటుంది, పెట్టె అటక మీద ఉంటుంది, ఇంతేగా అని నిచ్చెన వేసుకుని ఎక్కాను. లేదు.

"అత్తయ్యా, మిక్సీ పెట్టె ఏదండీ?"

"అబ్బాయికి పూతరేకులు పంపలేదేంటి, అందులోనే. గట్టి పెట్టె కదా, నలగవని. పైన పాత పంచె చుట్టి కుట్టేను."

ఆ మూట నేనూ చూశాను. గుడ్డ మీద మస్కట్ అడ్రసు రాసింది నేనే. లోపల ఏ పెట్టె ఉందో అడగలేదు.

"మిక్సీ సంగతి ఆయనకి చెప్పొద్దన్నాను కదండీ?"

"నేనెక్కడ చెప్పేనమ్మాయ్? నోరే మెదపలేదు. పెట్టె మాట్లాడుద్దా ఏంటి?"

నాలుగు వైపులా మిక్సీ బొమ్మ ఉంది ఆ పెట్టెకి.

అక్టోబరు 1

అంటే పదమూడో తారీకున అడిగేటప్పటికే ఆయనకి తెలుసు. పెట్టె ఎదురుగా పెట్టుకుని అడిగారు. నేను లేవండీ అన్నాను. రెండుసార్లు.

సిగ్గుగా ఉంది. కోపం కూడా వస్తోంది, తెలిసినవారు తెలిసిందని అనొచ్చు కదా.

అక్టోబరు 4

ఫోన్. పిన్నిగారింట్లో చుట్టాలు. అందరూ నా మొహమే చూస్తున్నారు. చెప్పలేకపోయాను. ఆయనా అడగలేదు. వర్షాలు పడుతున్నాయా అన్నారు. పడుతున్నాయి అన్నాను.

అక్టోబరు 5

మిక్సీ వంక చూడబుద్ధి కావడం లేదు. దసరా ఆర్డర్లు ఉన్నాయి. చూడకుండానే పంచదార వేసి తిప్పాను. మెత్తగా బాగానే ఆడింది, దొంగమొహంది.

అక్టోబరు 11

అడిగేశాను.

"ఆ పెట్టె…"

"ఏ పెట్టె?"

"పూతరేకులు వచ్చిన పెట్టె. దాని మీద ఒక చీటీ ఉంటుందండీ, అది…"

"ఉంది. దాచేను."

ఎందుకు దాచారు? దేనికని? నోట్లోకి వచ్చింది, అనలేదు.

"మన్నించండి" అన్నాను. పిన్నిగారు వంటింట్లోంచి తొంగిచూశారు.

"పంపుతాలే" అన్నారు. ఆయన ఫోన్ కార్డు అయిపోయి లైను తెగింది.

కోపంగా అన్నారా? కాదు. నవ్వుతూ అన్నారా? అదీ కాదు. మామూలుగా అన్నారు. నాకు అదే అర్థం కావడం లేదు.

అక్టోబరు 19

నిన్న ఫోన్ రాలేదు. పోస్టూ లేదు.

అక్టోబరు 26

ఈ శుక్రవారమూ రాలేదు. డబ్బు మాత్రం ఎప్పట్లాగే వచ్చింది.

నవంబరు 6

ఆయన గదిలోనే ఉండే రాజోలు ఆయన సెలవు మీద వచ్చారు. కవరు ఇచ్చారు.

"వారు ఎలా ఉన్నారండీ?"

"బాగానే ఉన్నారండి" అని మంచినీళ్లు మొత్తం తాగేసి, ఇంకో మాట అడిగేలోపు లేచారు. టీ పెడతానన్నా ఉండలేదు.

కవరులో చీటీ. బ్లేడుతో కోశారు, నాలుగంచులూ తిన్నగా. ఉత్తరం లేదు. కవరు చింపి చూశాను, దులిపి చూశాను, లేదు. చీటీ తిప్పాను. వెనక ఆయన రాత, బాల్‌పెన్నుతో:

'నువ్వు ముందే చెప్పుంటే నేనూ నాది చెప్పేవాణ్ణి.'

నాది అంటే?

పని బాగానే ఉందన్నారు. ఒంట్లో బాగానే ఉందన్నారు. ఇన్నాళ్లూ నేను అడగడం, ఆయన బాగానే ఉందనడం. నేను లేవండీ అన్నట్టే ఆయనా అంటున్నారా? డబ్బు నెల తప్పలేదు కదా. అది ఎక్కడిదో ఎప్పుడైనా అడిగానా?

"వచ్చేసిందా చీటీ? పొద్దున్నే పంపేసెయ్యమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ చీటీ ముందువైపే చూశారు.

నవంబరు 7

పోస్టాఫీసుకి వెళ్లాను. ఇవాళ రిజిస్టరు చేస్తేనే పదిహేనులోగా చేరుతుంది. కవరు కొన్నాను, కంపెనీ అడ్రసు రాశాను, చీటీ లోపల పెట్టాను. మళ్లీ తీశాను. వెనక మాట వేరే కాయితం మీద ఎక్కించుకుని పంపుదామనుకున్నాను. ఎక్కించాను కూడా. నా రాతలో అది వేరే ఎవరో ఎవరితోనో అన్నట్టుంది.

"ఇస్తారాండి?" అని కిటికీలోంచి రెండుసార్లు అడిగారు. మూడింటికి టపా సంచీ కట్టేశారు.

చీటీ నా దగ్గరే ఉంది.

రేపు శుక్రవారం. ఫోన్ వస్తే, పిన్నిగారింట్లో ఎంతమంది ఉన్నా సరే, అడగాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. 'చీటీ అందిందండీ' అనా?

రాకపోతే…