శంకరరావు బావకు పెట్టిన ముద్ద

బిలాస్‌పూర్ జైలు,
3 అక్టోబర్ 2024.

చి. కనకానికి, అన్న సింహాచలం ఆశీస్సులు.

అలవాటు కొద్దీ చి.ల.సౌ. అని రాయబోయి ఆగాను. ఆ సౌభాగ్యం నీ పేరు ముందు లేకుండా చేసినవాణ్ణి నేనే కదా.

ఇక్కడ నేను క్షేమం. షుగరు అదుపులోనే ఉంది, జైలు పప్పు తిని పెరగమన్నా పెరగదు. మొన్న గోవిందరావు మావయ్య ములాఖత్‌కి వచ్చాడు. నా మేనల్లుడు, మన దిలీప్ ఐటీఐలో ఎవడితోనో కొట్లాడాడట. మీ నాన్న కొట్టడానికెళ్ళి చచ్చాడని వాడెవడో అన్నాడట. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ ఆరేళ్ళలో నువ్వొక్కసారీ రాలేదని నాకు కోపం లేదు. మొగుణ్ణి చంపినవాణ్ణి చూడటానికి ఎవరొస్తారు?

నాన్న డ్యూటీలో పోయాక రైల్వే ఉద్యోగం కొడుకుగా నాకే వస్తుందని ఊరంతా చెప్పుకు తిరిగాను. కళ్ళ పరీక్షలో తప్పాను. అమ్మ నీ పేరు రాసింది, క్వార్టరూ నీదైంది. అలా రాయించింది శంకరరావు బావేనని పట్టుబట్టి ఏడాదిపాటు మీ గడప తొక్కలేదు. తర్వాత తిఫ్రాలో నా గది దగ్గర ఏం జరిగిందో కోర్టులో నువ్వూ విన్నావు. బావ ఇనప రాడ్డు పట్టుకుని నా మీదికొచ్చాడనీ, నన్ను కాపాడుకోబోతే ఆయనకి తగిలిందనీ చెప్పాను. ఆ మాట వల్లే యావజ్జీవం తప్పి పదేళ్ళతో పోయింది. ఇప్పుడు బోద్రీ హైకోర్టులో అప్పీలూ ఆ మాట మీదే నడుస్తోంది. వచ్చే నెల విచారణ. బయటికి రావచ్చని వకీలు అంటున్నాడు.

నా బ్యారక్‌లో బుధ్‌రామ్ అని ఒక ముసలాయన ఉన్నాడు. పొలం గట్టు తగాదాలో పక్కింటివాణ్ణి నరికి వచ్చాడు. ఏటా పితృపక్షాల్లో తన అన్నంలోంచి ఒక ముద్ద తీసి, ఆ చచ్చినవాడి పేరు చెప్పి గోడ మీద పెడతాడు. వాడికి పిల్లల్లేరు, పెట్టేవాళ్ళు పుట్టకుండా చేసింది నేనే అంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే అని మొదట్లో నవ్వుకునేవాణ్ణి.

నిన్న అమావాస్య. నేనూ ఒక ముద్ద తీశాను. బావా, తిను అన్నాను. పేరు చెబితే చాలదు, ఏం చేశావో కూడా చెప్పాలి అన్నాడు బుధ్‌రామ్. చెప్పలేకపోయాను. అందుకని కాకి ముట్టలేదనుకునేవు, వెంటనే ఎత్తుకుపోయింది. కాకికేం, దానికి అన్నం కావాలి. నేనే గోడ దగ్గర కూలబడి ఏడ్చాను. బుధ్‌రామ్ తన రొట్టెలో సగం నా చేతిలో పెట్టి, ఏమీ అడక్కుండా పక్కనే కూర్చున్నాడు. దేవుడి ఊసే పట్టని నాకు, ఎవరో వింటున్నారని మొదటిసారి అనిపించింది.

ఆరోగ్యం జాగ్రత్త. మోకాళ్ళ నొప్పికి మందు మానకు.

ఇట్లు,
నీ అన్న
సింహాచలం

తా.క. మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పాను. రాడ్డు నాది, కనకం. బావ పడిపోయాక ఆయన చేతి పక్కన పెట్టింది నేనే. ఆయన వట్టి చేతులతో వచ్చాడు. దిలీప్‌కి తెలుగు చదవడం రాదు కదా, ఈ ముక్కలు నువ్వే చదివి వినిపించు. తర్వాత ఉత్తరం బోద్రీలో సర్కారు వకీలుకి ఇచ్చెయ్యి. ఆ రోజు గుమ్మంలో నిలబడి బావ నాతో అన్నదిది: నా మీద కోపముంటే నన్ను తిట్టు బావా, దానికేటి తెలుసు. నువ్వు రానేదని కూడు తినడం మానేసింది. రా, ఎల్దాం.