ఫిల్మ్‌నగర్‌లో ముద్ర లేని మేకలు

జూబ్లీహిల్స్, మార్చి 1988

శ్రీ సుబ్బరామయ్య గారికి,

నేను ఇక్కడికి కొత్తగా బదిలీ అయి వచ్చిన హెల్త్ ఇన్‌స్పెక్టర్ని. ఫిల్మ్‌నగర్ మలుపులో ఉన్న మాంసం కొట్టు మీదేనని వాచ్‌మన్ చెప్పాడు. అక్కడ వేలాడే మేకల్లో ఒక్కదాని మీదా మా పరీక్ష ముద్ర లేదు. ఇది జనం ప్రాణాలతో చెలగాటం. వెంటనే సరిచేయండి.

ఇట్లు,
జేవియర్

తా.క. ఒక్క ఈగ కూడా లేకపోవడం మాత్రం మెచ్చుకోదగ్గదే.

---

జేవియర్ గారికి నమస్కారాలు.

ఇంత శ్రద్ధగా చూసి చెప్పేవాళ్లు ఈ రోజుల్లో ఎవరండీ! మా డైరెక్టరు గారికి సహజత్వం అంటే ప్రాణం. మీ ఉత్తరం చూడగానే పెయింటర్ని చీవాట్లు పెట్టి, సాయంత్రానికల్లా మేకలన్నిటికీ ఊదారంగు ముద్ర వేయించారు. మీ అసలు ముద్ర పక్కన పెట్టినా తేడా తెలియదు.

భవదీయుడు,
సుబ్బరామయ్య, ప్రొడక్షన్ మేనేజర్

తా.క. ఈగల్ని కూడా ఏర్పాటు చేస్తున్నాం.

---

సుబ్బరామయ్య గారికి,

ప్రభుత్వ ముద్రను దొంగతనంగా వేయించి, ఆ సంగతి సంతకం పెట్టి మరీ రాస్తారా? మంగళవారం మా సిబ్బందితో వచ్చి మేకలన్నిటినీ దింపించాను. ఫినాయిల్ పోసి, సున్నం చల్లి, గోతిలో పూడ్పించాను. కొట్టులో కూర్చున్న ఆదాము "ఇవి నిజం మేకలు కావు సార్" అని తనే ఒప్పుకున్నాడు. మరి ఏ జంతువులో చెప్పమంటే, "నా పొట్ట కొట్టకండి సార్" అంటూ నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. జాలేసింది. అయినా జనం ఆరోగ్యం ముందు జాలికి చోటు లేదు. అతని మీద కేసు పెడుతున్నాను.

ఇట్లు,
జేవియర్

తా.క. "సార్, గీ మేకలకు బరువే లేదు" అన్నారు మావాళ్లు. రోగంతో ఎంత చిక్కిపోయాయో, పాపం.

---

జేవియర్ గారికి,

అయ్యా, అది కొట్టు కాదు, సినిమా సెట్టు. మీరు తెలిసే సలహా ఇచ్చారనుకున్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఆ మాట ఒకరికి చెప్పాల్సి వస్తుందని నాకు తోచలేదు. మీరు పూడ్చినవి లోపల డొల్లగా ఉండే ప్లాస్టర్ మేకలు. ఆదాము కృష్ణానగర్‌లో చిన్న గదిలో ఉంటూ, ఏళ్ల తరబడి గుంపు సీన్లలో నిలబడ్డ నటుడు. మొదటిసారి ఒక్క డైలాగు దొరికింది. మేకలు పోతే ఆ సీను ఎత్తేస్తారని మీ కాళ్లు పట్టుకున్నాడు. ఆ ఏడుపు నటన కాదండీ.

మీరొచ్చినప్పుడు అవతల కెమెరా తిరుగుతూనే ఉంది. మీరంతా నేను పంపిన ఆర్టిస్టులనుకుని డైరెక్టరు గారు కట్ చెప్పలేదు. నిన్న ఆ ముక్క తెర మీద చూశాక డైరెక్టరు గారు దాన్ని మళ్లీ రెండుసార్లు వేయించుకున్నారు. ఆదాముకిప్పుడు సినిమా పొడుగునా వేషం. కేసు పెట్టి అతన్ని కోర్టు చుట్టూ తిప్పకండి. దణ్ణం పెడతాను.

మీ
సుబ్బరామయ్య

తా.క. మీ క్లోజప్ ఒకటి మిగిలిపోయిందట. గురువారం దయచేయండి. కోపం మాత్రం తగ్గించుకోకండి.