విడివిడిగా వేసిన మార్కులు

మిల్టన్ కీన్స్,
నవంబరు 2014

లోకేష్ గారికి,

ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ వీడియో చూసి ఆటగాళ్లకు నేనూ మా ఆవిడ గిరిజా విడివిడిగా వేసిన మార్కులు కలిశాయనీ, కాబట్టి మీరు వాటిని నమ్మకంగా క్లబ్బుకు పంపేస్తున్నారనీ రాశారు. దయచేసి పంపకండి.

మా ఫ్లాట్‌లో హీటింగ్ పనిచేసే గది ఒక్కటే. ఇద్దరం ఒకే సోఫాలో కూర్చుని వీడియో చూస్తాం. కుడివైపు కుర్రాడు ఎదుటివాణ్ణి బాగా ఆపాడని నాకనిపించింది. "అవతలివాడే కాలు జారి పడ్డాడండీ. ఇతను ఆపిందేముంది?" అంది గిరిజ. వేర్‌హౌస్‌లో రోజంతా నిలబడి వచ్చాను. వాదించే ఓపిక లేక ఆమె మార్కే వేశాను. మొదటినుంచీ ఇదే వరస.

ఆ కుర్రాణ్ణి ఉంచాలో తీసెయ్యాలో క్లబ్బు ఈ మార్కులు చూసే తేలుస్తుందట. ఆ వీడియో మూడో మనిషికి చూపించండి.

నన్నడిగితే అతను బాగానే ఆడాడు. ఈ సీజన్‌లో గిరిజను అడక్కుండా నేను వేసిన మార్కు, ఈ ఉత్తరంలోని ఈ మాటొక్కటే.