ఇంటికాడ ఉండేది

కోయిలకుంట్ల, మంగళవారం రాత్రి

నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. చదివేది నేనే కదా, సర్దుకుంటాను.

విదేశం వాళ్లు సాయంగా ఇచ్చిన బ్యాటరీ ఆటోలతో ఏం మేలు జరిగిందో చూడటానికి ఈరోజు ఒక దొరసాని వచ్చింది. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాదు సారు కూడా వచ్చాడు. మేలు లేదనుకుంటే ఆటోలు వెనక్కి తీసుకుంటారంట. అప్పుడు మా ఆయన తోలే ఆటో కూడా పోతుంది, ఆయన మళ్లీ ఎర్రగుంట్ల సిమెంటు లారీకే పోవాలి.

“ఈ బండి వచ్చినాక నీకు బాగా నచ్చింది ఏందమ్మా?” అని సారు అడిగాడు.

రాత్రంతా చార్జింగు పెట్టాలి కాబట్టి ఆయన చీకటి పడేసరికి ఇల్లు చేరతాడు. నాకు నచ్చింది అదే. కానీ పరాయివాళ్ల ముందు మొగుని మాట ఎట్లా ఎత్తేది? తల వంచుకొని, “ఇంటికాడ ఉండేదే సార్” అన్నాను.

బండి తిరగకుండా ఇంటికాడే ఉంటుందని సారు దొరసానికి చెప్పాడంట.

సాయంత్రం ఆయన విని ఒకటే నవ్వు. “ఏం మే, నేను తోలేది ఆటోనా, అరుగా? రేపు పొద్దున వాళ్లు పోకముందే సరిగ్గా చెప్పొద్దాం. అసలు నువ్వేం చెప్పాలనుకుంటివి?”

అన్నం పెడతానని లోపలికి పోయాను. లారీ రోజుల్లో ఖాళీగా ఉండే చాప మీద ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఇంత దగ్గరున్నా చెప్పలేకపోయాను.

ఈ కాగితం ఎవరికన్నా దొరికితే చదవకుండా పొయ్యిలో వేయండి. ఆయనకు దొరికితే మాత్రం, చదివినాక.